చర్చి ఎదురింటి కాఫీ

మా ఆయనకి ఒక జబ్బుంది. రోడ్డు పక్కన ‘హిస్టారిక్’ అన్న మాటున్న బోర్డు కనబడితే చాలు, కారు ఆగాల్సిందే. పాత రైలు స్టేషనైనా సరే, ఎవరో ఎప్పుడో గుర్రాలకి నీళ్ళు పెట్టిన తొట్టైనా సరే, దిగి, చుట్టూ తిరిగి, బోర్డు మీద రాసిందంతా చదివి, మాకూ వినిపించిగానీ కదలరు. ఆయన చేతిలో స్టీరింగ్ ఉంటే చూపు రోడ్డు మీద కన్నా బోర్డుల మీదే ఎక్కువ ఉంటోందని చాలా ఏళ్ళ కిందటే లాగేసుకున్నాను. అప్పటినుంచీ మా ఇంట్లో కారు నడిపేది నేను, ఆపించేది ఆయన.

అలా ఆపించిన చోట్లలో నాకు ఒక్కటీ గుర్తుండదు. కానీ ఆ అక్టోబరు శనివారం ఆపించిన చర్చిని మాత్రం మరిచిపోలేను. అందులో చర్చి గొప్పతనం కొంతే. మిగతాదంతా మా అత్తగారిది.

మేముండేది అయోవాలో, డెమోయిన్ శివార్లలో. అత్తగారు ఇండియా నుంచి వచ్చి, ముందు ప్లేనోలో మా ఆడపడుచు దగ్గర ఉండి, అక్కడి ఎండలకి తట్టుకోలేక మా దగ్గరికి వచ్చారు. మామగారు పేకాట స్నేహితులని వదిలి రాలేక, మోకాళ్ళ నొప్పుల వంక పెట్టి అమలాపురంలోనే ఉండిపోయారు. ప్లేనోలో అత్తగారికి రాజభోగం. వీధి నిండా తెలుగిళ్ళే. పొద్దున వాకింగుకి ఆంటీల గుంపు, శుక్రవారం పేరంటం, శనివారం ఎవరో ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం. మా వీధిలో తెలుగువాళ్ళం మేమొక్కళ్ళమే. మా అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయింది. మేమిద్దరం పొద్దున్నే ఆఫీసులకి పోతే సాయంత్రం దాకా ఇంట్లో ఆవిడ, టీవీ, ఆగుతూ మోగుతూ ఉండే ఫ్రిజ్.

ప్లేనో మీద బెంగ పెట్టుకున్నారేమో అనుకున్నాను. కాదట. ఒకరోజు దోసెలు తింటూ అసలు సంగతి చెప్పారు.

“ప్లేనోలో అందరూ మనవాళ్ళేనమ్మా. అమలాపురంలో ఉన్నట్టే ఉంది. రేపు ఊరెళ్ళాక అమెరికావాళ్ళు ఎలా ఉంటారే అని అడుగుతారు. ఏం చెప్పను? కారద్దాల్లోంచి బాగుంటారని చెప్పనా?”

ఆవిడ కోరికల్లా ఒక్కటే. ఈ దేశపు మనిషి ఇంట్లో ఒక్కసారి, ఒక్క గంట, చుట్టంలాగా కూర్చోవాలి. వాళ్ళ వంటిల్లు ఎలా ఉంటుందో చూడాలి. ‘రండి, కూర్చోండి’ అని వాళ్ళ నోటితో అనిపించుకోవాలి. నయాగరా చూశారు, పెద్ద పెద్ద భవనాలు చూశారు, అవేవీ లెక్కలోకి రాలేదు. మనుషుల్ని చూడకుండా దేశం చూశానని ఎలా అంటానని ఆవిడ వాదన. అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

బజార్లో దొరికే వస్తువైతే కొనిపెట్టేదాన్ని. పిలుపు ఎక్కడ దొరుకుతుంది? మా పక్కింటివాళ్ళు మంచివాళ్ళే. చెయ్యి ఊపుతారు, ఇవాళ చలి ఎక్కువంటారు, కారుని గరాజ్‌లోకి తోలి తలుపు కిందికి దించుతారు. ఆ తలుపు దిగిందంటే ఇక వాళ్ళు లేనట్టే. ఆఫీసులో ఎవరినైనా ‘మా అత్తగారిని మీ ఇంటికి పిలవండి’ అని అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగి పిలిపించుకుంటే అది పిలుపెలా అవుతుంది? ఇలా అనుకుంటూ ఉండగానే తిరుగు ప్రయాణం దగ్గరికి వచ్చేసింది. వచ్చే శనివారం ఫ్లైటు. సూట్‌కేసులు అప్పటికే హాల్లో నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

ఆ మిగిలిన ఒక్క శనివారం, చెట్ల రంగులు చూపిద్దామని బయల్దేరాం. రాష్ట్రానికి పడమటి వైపు, జనం ప్రకృతి అందాలు చూడ్డానికే వెళ్ళే సీనిక్ బైవే ఒకటుంది. దారంతా ఎత్తుపల్లాలే, ఒక గుట్ట ఎక్కి దిగేసరికి ఇంకో గుట్ట. సగం మొక్కజొన్న కోసేశారు. కోత యంత్రాలు దుమ్ము లేపుతూ చేల్లో తిరుగుతున్నాయి. ఇళ్ళ దగ్గర మేపుల్ చెట్లు మిరపపండు రంగులో ఉన్నాయి. వెనక సీట్లో అత్తగారు పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. డిక్కీలో పెడదామంటే ఒప్పుకోలేదు. తిండి వస్తువుని సామానుల్లో పడేయకూడదట.

“అదిగో, అదిగో, ఆపు,” అన్నారు మా ఆయన.

బోర్డు. హిస్టారిక్ డేనిష్ చర్చి.

గుట్ట మీద తెల్లటి చెక్క చర్చి, దాని మీద సూదిలాంటి గోపురం. పక్కన చిన్న శ్మశానం. రోడ్డుకి అవతల ఒక్కటే ఇల్లు. చుట్టూ కనుచూపు మేర చేలు తప్ప ఇంకేమీ లేవు. డెన్మార్క్ నుంచి ఓడెక్కి వచ్చిన రైతులు కట్టుకున్న చర్చి అని బోర్డు చెప్పింది. మా ఆయన శ్మశానంలోకి వెళ్ళి రాళ్ళ మీద పేర్లు చదవడం మొదలుపెట్టారు. అన్ని పేర్లూ ‘సెన్’తోనే ముగుస్తున్నాయని అదేదో తానే కనిపెట్టినట్టు అక్కణ్ణుంచి అరిచి చెప్పారు. చర్చికి తాళం వేసి ఉంది. లోపల చూడాలనుకునేవాళ్ళు ఎదురింట్లో అడగమని తలుపు మీద కాగితం అంటించారు.

నేను వెళ్ళి తలుపు కొట్టాను. ఒక ముసలావిడ తీసింది. మనిషి పొడుగు, మా అత్తగారి కన్నా కాస్త పెద్దదే అయి ఉంటుంది. తెల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, చేతులకి పిండి అంటుకుని ఉంది. చర్చి చూడాలన్నానో లేదో, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, మేకుకి వేలాడుతున్న తాళంచెవి తీసుకుని, రబ్బరు బూట్లలో కాళ్ళు దూర్చి నా కన్నా ముందు రోడ్డు దాటింది. వాళ్ళ అత్తగారి కాలం నుంచీ ఆ తాళంచెవి ఆ ఇంట్లోనే ఉంటుందట.

మెట్ల దగ్గరే మా అత్తగారు చెప్పులు విప్పి జతగా పక్కకి పెట్టారు. పెద్దావిడ ఉత్త కాళ్ళతో ఉండగా మేం బూట్లతో ఎలా పోతాం? మేమూ విప్పాం. తాళం తీస్తున్న ఆవిడ మా వైపు చూసింది. తన బూట్లు గుమ్మంలో పట్టా మీద ఇంకోసారి గట్టిగా రాసుకుంది.

లోపల తెల్ల గోడలు, లేత నీలం కప్పు, తళతళా తుడిచిన బెంచీలు. గోడకి పాటల నంబర్లు పెట్టే చెక్క పలక. ఆ కప్పు నుంచి, సరిగ్గా మధ్యలో, ఒక ఓడ వేలాడుతోంది. నిజం ఓడ లాంటి చిన్న ఓడ. తెరచాపలు, తాళ్ళు, జెండా అన్నీ ఉన్నాయి. మా అత్తగారు దాని కింద నిలబడి తలెత్తి చూస్తూ ఉండిపోయారు. కోనసీమ మనిషి కదా, పడవ అంటే చిన్నప్పటినుంచీ ఎరిగిన వస్తువే.

“గుళ్ళో ఓడేంటమ్మా? సముద్రం ఎక్కడుంది, ఓడెక్కడుంది?” అన్నారు.

నేను ఇంగ్లీషులో చెబితే ఆవిడ నవ్వింది. చుట్టుపక్కల ఈ ఓడ తేలేంత చెరువు కూడా లేదని తనూ ఒప్పుకుంది. డెన్మార్క్‌లో సముద్రం ఒడ్డు ఊళ్ళలో చర్చి కప్పుకి ఓడ కట్టడం ఆనవాయితీ అట. సముద్రం మీదున్న వాళ్ళని దేవుడు గుర్తుపెట్టుకోవాలని కడతారట. ఇక్కడికొచ్చి మొక్కజొన్న పండించుకున్నవాళ్ళు కూడా ఆ ఓడని వదల్లేదు. దాటి వచ్చింది సముద్రమే కదా అంది. నేను తెలుగులో చెప్పేసరికి మా అత్తగారు ఓడకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు.

ఎదురుగా ఏసు విగ్రహం. రెండు చేతులూ చాపి, కొంచెం ముందుకి వంగి ఉన్నాడు. “భోజనాలకి లేవండి అంటున్నట్టు లేడూ?” అని అత్తగారు నా చెవిలో అన్నారు. నవ్వాపుకోలేక నేను కిటికీ వైపు తిరిగాను.

ఆ తర్వాత నా అనువాదం అవసరం లేకుండానే వాళ్ళిద్దరి మధ్య మాటలు మొదలయ్యాయి. ఎలా అంటే, బెంచీ మీద కూర్చోబోతూ అత్తగారు మోకాలు పట్టుకున్నారు. ఆవిడ తన మోకాలు తట్టి చూపించి, ఆపరేషన్ అంది. ఆ మాట ఇద్దరికీ వచ్చు. అత్తగారు తన ఎడమ మోకాలు చూపించారు. ఆవిడ కుడిది చూపించింది. మెట్లు ఎక్కడమా దిగడమా, ఏది కష్టం అన్నదాని మీద ఇద్దరూ చేతులతో, ముఖాలతో చాలాసేపు చర్చించుకుని దిగడమేనని తేల్చారు. మా అత్తగారి ముఖం అలా వెలగడం, మా దగ్గరున్న రెండు నెలల్లో నేను చూడలేదు.

బయటికొచ్చాం. ఆవిడ తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, మా వైపు తిరిగి అంది. పొయ్యి మీద కాఫీ ఉంది, ఒక డేనిష్ పిండివంట కూడా చేసుకుంటున్నాను, ఇంట్లోకి వచ్చి కాసేపు కూర్చోకూడదా అని.

ఇదిగో, అత్తగారు ఇన్నాళ్ళూ ఎదురుచూసిన పిలుపు, అడక్కుండానే, చర్చి మెట్ల దగ్గరే దొరికింది. అత్తగారి వైపు చూశాను. కళ్ళు మెరుస్తున్నాయి. కళ్ళు అలా మెరుస్తుండగానే, నోరు మాత్రం తన దారిన తాను పోయింది.

“నో నో మేడం. ఇప్పుడే తిన్నాం. ఎందుకు ట్రబుల్,” అన్నారు.

ఇక్కడ కొంచెం చెప్పాలి. మాది వరంగల్ వైపు. ఆకలైతే పెట్టమంటాం, నిండితే చాలంటాం, అంతటితో అయిపోతుంది. అత్తగారిది కోనసీమ. కొత్త కోడలిగా వెళ్ళిన మొదటిరోజే, చాలని చెయ్యి అడ్డం పెడితే, ఆ చేతి పక్కనుంచే గరిటెడు పప్పు పడింది. వాళ్ళ ఊళ్ళో మొదటిసారి వద్దనడం మర్యాద. రెండోసారి వద్దనడం ఇంకా మర్యాద. మూడోసారి అవతలివాళ్ళు చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోతారు, అప్పుడు ‘మీరు మరీనండీ’ అనుకుంటూ వెళ్ళి కూర్చోవాలి. పిలవగానే వెళ్ళేవాళ్ళని తిండికి మొహం వాచినవాళ్ళ కింద జమకడతారు. అత్తగారు పుట్టినప్పటినుంచీ ఇలాగే బతికారు. ఎవరూ ఆవిడని ఒక్కసారి అడిగి ఊరుకున్న పాపాన పోలేదు.

డేనిష్ ఆవిడ తల ఊపింది. “ఓకే దెన్. డ్రైవ్ సేఫ్,” అని, చెయ్యి ఊపి, రోడ్డు దాటి ఇంట్లోకి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది.

అత్తగారు అక్కడే నిలబడ్డారు. రెండోసారి పిలిచినప్పుడు నవ్వడానికి సిద్ధం చేసుకున్న నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది. అవతల్నుంచి వెన్న కాగుతున్న వాసన వస్తోంది. మా ఆయన ఆ తలుపు వంక చూసిన చూపు ఏ హిస్టారిక్ బోర్డు వంకా చూడగా నేను చూడలేదు. పెద్దావిడ వద్దన్నాక కోడలో కొడుకో వస్తామంటే ఆవిడ పరువేం కావాలి? అందుకే ఇద్దరం నోళ్ళు మూసుకుని బూట్లు వేసుకుని కారెక్కాం.

రెండు గుట్టలు దాటాం.

“రెండోసారి అడగలేదేంటమ్మా?” అన్నారు అత్తగారు వెనకనుంచి.

“ఇక్కడ ఒక్కసారే అడుగుతరు అత్తమ్మా. వద్దంటే వద్దనే అనుకుంటరు. బలవంతం చేస్తే బాగుండదని.”

“అంటే నేను నిజంగానే వద్దన్నాననుకుందా?”

“అవును.”

అద్దంలో చూశాను. ఆవిడ పులిహోర డబ్బా మూత మీద వేలితో రాస్తూ కూర్చున్నారు. ఏడవలేదు గానీ, ఏడ్చినా బాగుండేదనిపించింది. కాసేపటికి, “పోనీలే, ఓడ చూశాంగా,” అన్నారు, మాకే ధైర్యం చెబుతున్నట్టు. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, ఏదో ఒకటి మరిచిపోయామని చెప్పి వెనక్కి వెళ్ళొచ్చేమో, శాలువా అనో కళ్ళజోడనో, అని గొణిగారు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో అప్పుడు తెలియలేదు. అత్తగారి మీద కాదు, ఆ తలుపు మూసుకున్న ఆవిడ మీదా కాదు. ఇద్దరికీ కావాల్సింది ఒక్కటే, ఇద్దరూ మర్యాదస్తులే. ఆ మర్యాదే అడ్డంపడి ఇంటికి పంపించేసింది. ఇంత మొహమాటం ఎవడు కనిపెట్టాడో వాడు కనబడితే రెండు తగిలించేదాన్ని. పక్కనే ఎవరిదో పొలం దారి కనిపిస్తే అందులోకి కారు తిప్పి, కంకర ఎగిరేలా వెనక్కి మళ్ళించాను.

“అమ్మాయ్, ఏంటిది?” అన్నారు అత్తగారు.

“పోదాం అత్తమ్మా. కాఫీ తాగుదాం.”

“వద్దన్న నోటితో మళ్ళీ వస్తామని ఎలా అంటామమ్మా? సిగ్గుపోతుంది.”

“సిగ్గేముంది? ఆవిడ పిలిచింది. మీకు పోవాలని ఉంది. అదే చెప్పుండ్రి. శాలువా మరిచిపోలేదు, ఏం మరిచిపోలేదు. కానీ నేను చెప్పను. మీరే చెప్పాలె.”

చర్చి గోపురం మళ్ళీ కనబడేసరికి వెనక సీట్లో అత్తగారు చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది. కారాగగానే డబ్బా చేతిలోకి తీసుకుని దిగారు. ఖాళీ చేతులతో ఒకరింటికి వెళ్ళే రకం కాదు ఆవిడ. నేను వెనకాలే నడిచాను. తలుపు ఆవిడే కొట్టారు. ముందు మెల్లగా, తర్వాత ఇంకొంచెం గట్టిగా.

డేనిష్ ఆవిడ తలుపు తీసి మా ముగ్గురినీ చూసింది. అత్తగారు గొంతు సర్దుకున్నారు. ఆ వయసులో ఎవరి గుమ్మం ముందూ నిలబడి నాకిది కావాలని అడిగిన మనిషి కాదు.

“మేడం... కాఫీ... ఎస్,” అన్నారు. అది చాలదనిపించిందేమో, “వాంట్,” అని కూడా చేర్చారు.

ఆవిడ ఒక్క క్షణం అర్థంకానట్టు చూసి, తర్వాత తలుపు గోడకి తగిలేదాకా తెరిచింది. లోపలికి నడుస్తూ నాతో ఒక మాట అంది. ఈ ముసలిదాని దగ్గర కూర్చోవడం మీకు ఇష్టంలేదేమోనని మళ్ళీ అడగలేదు, ఇద్దరికి సరిపడా కాఫీ చేసుకుని ఒక్కదాన్నే తాగుతూ ఉంటాను అంది. అది అత్తగారికి తెలుగులో చెప్పాను. ఆవిడ నాలుక కరుచుకున్నారు.

వంటింట్లోకి వెళ్ళేసరికి పొయ్యి మీద ఉన్న పెనం చూసి అత్తగారు ఆగిపోయారు. నల్లటి ఇనప పెనం, దానికి గుండ్రటి గుంతలు, గుంతల్లో పిండి పొంగుతోంది. అచ్చం మన గుంత పొంగనాల పెనమే. డెన్మార్క్‌లోనూ ఇలాగే చేస్తారట, కాకపోతే లోపల యాపిల్ ముక్క పెడతారట. ఆవిడ అల్లికల సూది తీసుకుని ఒక్కో పొంగనాన్ని తిప్పుతోంది. అత్తగారు పక్కనే నిలబడి చూశారు. ఒకటి మాడబోతోంది. ఇక ఉండబట్టలేక చెయ్యి చాపారు. ఆవిడ సూది ఇచ్చేసింది. అత్తగారు కొంగు నడుముకి దోపి, మంట తగ్గించి, అంచు వదిలించి ఒక్కొక్కటీ ఎగరేసినట్టు తిప్పారు. ఆవిడ చేతులు కట్టుకుని, తన పొయ్యి దగ్గర పరాయి మనిషిని చూస్తూ చాలా సంతోషంగా నిలబడింది.

కూర్చున్నాం. మాకు గంట కాదు, మధ్యాహ్నమంతా అక్కడే గడిచింది. కాఫీ నీళ్ళలా ఉంది. మామూలుగా అయితే అత్తగారు అలాంటిది ముట్టరు. ఆ రోజు రెండు కప్పులు తాగారు. మా ఆయన ఎన్ని పొంగనాలు తిన్నారో నేను చెప్పను, ఇంటి పరువు పోతుంది. పులిహోర ఆవిడ పళ్ళెంలో పడింది. కరివేపాకు తినాలా తియ్యాలా అని అడిగింది. అత్తగారు ఎలా ఏరి పక్కన పెట్టాలో చేసి చూపిస్తే, ఆవిడ మొత్తం నమిలి మింగి, బాగానే ఉంది కదా అంది. గోడ మీద ఫోటోలు చూపించింది. పోయిన భర్త, కాలిఫోర్నియాలో ఉన్న కొడుకు, పిల్లలు. అత్తగారు ఫోన్ తీసి మామగారి ఫోటో చూపించి, పేకాట ముక్కలు పంచుతున్నట్టు చెయ్యి తిప్పి చూపించారు. ఆవిడ పెద్దగా నవ్వి, తన భర్త ఫోటో చూపించి, తనూ అలాగే చెయ్యి తిప్పింది. ఈ దేశంలో ఆ వ్యవహారం కూడా మనలాగే ఉందని అత్తగారికి అప్పుడు తెలిసింది.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, అలవాటు ప్రకారం, “మీరూ మా ఇంటికి రావాలండి,” అన్నారు అత్తగారు. నేను అదే ఇంగ్లీషులో చెప్పాను.

మన ఊళ్ళల్లో ఆ మాటకి ‘అలాగేనండి, తప్పకుండా’ అంటారు. ఎవరూ రారు. రానక్కర్లేదు కూడా. ఆ మాట అనుకోవడంతోనే ఇద్దరి మనసూ నిండుతుంది. ఆవిడ మాత్రం అలాంటిదేమీ అనలేదు.

“వెన్?” అంది.

అని, సమాధానం కోసం ఆగకుండా ఫ్రిజ్ పక్కన వేలాడుతున్న క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, పెన్సిల్ పట్టుకుని నిలబడింది. అత్తగారు నా వంక చూశారు. నేను ఆవిడ వంకే చూశాను. ఈసారి కూడా నోరు విప్పదలుచుకోలేదు. రెండు క్షణాలు పట్టింది.

“థర్స్‌డే,” అన్నారు అత్తగారు. తర్వాత, ఎందుకైనా మంచిదని, “లంచ్.”

పెన్సిల్ ఆ గడిలో తిరిగింది. మా ఇంటి అడ్రసు నేను దాని కింద రాశాను.

కారెక్కగానే హడావిడి మొదలైంది. ఒక్క గురువారం కోసం ఇల్లంతా తిరగేశారు. సగం సర్దిన సూట్‌కేసులు పడకగదిలోకి పోయాయి. పప్పులో కారం ఎంత వెయ్యాలి, అసలు వెయ్యాలా, పూర్ణాలు తింటుందా, అన్నం చేత్తో తింటుందా స్పూన్ పెట్టాలా, ఇవన్నీ సాయంత్రం మేం ఆఫీసు నుంచి రాగానే మాకు అప్పజెప్పేవారు. అంత ముసలావిడ ఒక్కతే గంటన్నర డ్రైవ్ చేసుకుని వస్తుందా అని మా ఆయనకి అనుమానం. ఏదో మాట వరసకి రాసుకుని ఉంటుందిలే, రాకపోతే అమ్మ మనసు నొచ్చుకుంటుంది అని నాతో గుసగుసగా అన్నారు. నాకూ ఆ భయం లేకపోలేదు. బుధవారం రాత్రి వాన మొదలైంది, గురువారం పొద్దుటికీ తగ్గలేదు. నేను సెలవు పెట్టాను. అత్తగారు పట్టుచీర కట్టుకుని తెల్లారినప్పటినుంచీ వంటింట్లోనే ఉన్నారు. పదకొండున్నరకల్లా అన్నీ వండి మూతలు పెట్టేసి, ఆ మూతలే తీసి చూస్తూ, మళ్ళీ పెడుతూ, రాకపోయినా ఫర్వాలేదమ్మా, ఈ వానలో పాపం అని రెండుసార్లు నాతో అన్నారు. ఆ అనడంలోనే ఎంత ఆశ ఉందో వినబడింది.

పన్నెండు కాకముందే ఇంటి ముందు ఒక పెద్ద పికప్ ట్రక్కు ఆగింది. అందులోంచి డేనిష్ ఆవిడ దిగింది, తలకి ప్లాస్టిక్ టోపీ, చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం. నేను తలుపు తీశాను. హలో అంటుందనుకున్నాను. నన్ను దాటి లోపలికి తొంగి చూస్తూ, మీ అత్తగారు ఇంట్లో ఉన్నారా అని అడిగింది.

నేను వంటింట్లోకి వెళ్ళాను. అత్తగారు పొయ్యి దగ్గర అటు తిరిగి ఉన్నారు. మా ఇంటికి వచ్చేవాళ్ళంతా మా ఆయన స్నేహితులు, నా ఆఫీసువాళ్ళు. ‘ఎవరో వచ్చారమ్మా, కాస్త టీ పెడతావా’ అని ఆవిడ కొడుకు అంటే, టీ పెట్టి ఇచ్చి గదిలోకి వెళ్ళిపోవడమే ఆవిడకి అలవాటు.

“అత్తమ్మా,” అన్నాను. “మీ కోసం వచ్చిండ్రు.”

“నా కోసమా?” అన్నారు. చేతిలో మూత పెట్టేసి, చేతులు తుడుచుకుని, నన్ను పక్కకి జరగమని భుజం మీద చెయ్యి వేసి, ముందుగదిలోకి నడిచారు. వెనకనుంచి నాకు ఆవిడ గొంతు వినబడింది, అమలాపురంలో ఆవిడ ఇంటి గుమ్మంలో వినబడే గొంతే. “రండి, రండి, కూర్చోండి,” అంటున్నారు, తెలుగులోనే.